వ్యూహక్రీడల ఓనమాలు



నేటి ప్రసంగమునకు విషయము ఆట. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు అమరమును, వ్యాకరణమును, దేశచరిత్రమును చెప్పి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడు ఆటలను గూర్చి యేమి చెప్పగలడని మీకు తోచవచ్చును. ఆటలో గెలుచు ఉపాయములను నేను చెప్పబోవుట లేదు. మిక్కిలి చిక్కైన యొక ఆటను, అందేమియు తెలియని క్రొత్తవాడు ఏ కాలమున ఏ విధముగా నేర్చికొనెను, అతనికి ఎవరెట్లు నేర్పిరి అనునది చెప్పదలచితిని. ఇది చరిత్రమే. ఈ చరిత్రముతో నేడు మన యిండ్లకు పని కలిగినది. మనుమడు గదిలో కూర్చుండి కంప్యూటరు తెరమీద రాజ్యములు కట్టుచుండును. తాత ప్రక్కన నిలిచి, వాడేమి చేయుచున్నాడో తెలియక, అడిగినను వాని మాట బోధపడక, "పాడు ఆట" యని విసిగి లేచిపోవును. ఒకే కప్పు క్రింద రెండు తరములు రెండు వేఱు దేశములవలె బ్రదుకుచున్నవి. ఆ నడిమి గోడకు ఒక కిటికీ పెట్టవచ్చునా యని విచారింతము.

ముందుగా ఒక భేదమును తెలిసికొనవలెను. జూదము వేఱు, వ్యూహక్రీడ వేఱు. పాచికలవంటి ప్రాణము లేని వస్తువులతో పణమొడ్డి యాడుదానికి ద్యూతమనియు, ప్రాణులను పందెమునకు విడిచి యాడించుదానికి సమాహ్వయమనియు మనుస్మృతి నవమాధ్యాయము పేరు పెట్టి, రెండింటిని రాజు తన దేశమున నిలువనీయరాదని శాసించినది. ధర్మరాజు కొలువున చెడినది పాచికలవలన, పణమువలన. వ్యూహక్రీడకు పణముతో పని లేదు. ఎదిరి బలమెంత, మన బలమెంత, దేనిని ఎప్పుడు ఎచ్చట నిలుపవలెను అను విచారమే దానికి ప్రాణము. మన పులిజూదమునకు పేరులో జూదమున్నను, ఆటలో జూదము లేదు.

ఆ పులిజూదమునే చూడుడు. గుడి మంటపముల బండలమీద దాని గీతలు నేటికిని పెక్కుచోట్ల కానవచ్చుచున్నవి. మూడు పులులకు పదునైదు మేకలు ఎదురు. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకలు పులిని కదలనీయక కట్టివేయవలెను. నా బాల్యమున మా యూరి పెద్దలు క్రొత్త పిల్లవానికి మొదట పులులనే యిచ్చెడివారు. దుముకుట యనునది చూడగనే తెలియును. మేకల నడిపించుటకు మాత్రము ఒకదాని వెనుక మఱియొకటి నిలిచి కాచుకొను కట్టుబాటు తెలియవలెను. అది తరువాతి పాఠము. ఎవ్వరును వ్రాసిపెట్టకున్నను ఇందు చక్కని బోధనాక్రమము కలదు. ఆట యంతయు ఒక్కమాఱు నేర్పరాదు, ఒక చిన్న ద్వారమునుండి లోనికి పిలువవలెను. నేడు నేను చెప్పబోవు చరిత్ర మంతయు ఈ చిన్న ద్వారముయొక్క చరిత్రమే.

చదరంగము మన దేశమున పుట్టినదని పండితులు పెక్కుమంది యొప్పుకొనుచున్నారు. అరువదినాలుగు గళ్ళ పలకకు అష్టాపదమని పేరు. రథ గజ తురగ పదాతులను నాలుగంగములు కల సేనకు చతురంగమని పేరు. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరిత్రమున, తన ప్రభువు పాలనలో చతురంగకల్పన అష్టాపదములయందే కాని మఱెక్కడను లేదని శ్లేషగా చెప్పినాడు. కాళ్ళుచేతులు నఱకు శిక్షలు లేవని యొక యర్థము, సేనలను తీర్చుట ఆటపలకమీదనే యని మఱియొక యర్థము. పలకమీద సేనను తీర్చుట యనిన చదువరులకు వెంటనే తెలియునని కవి నమ్మెను గదా! కల్యాణపురము నేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున కూర్చిన మానసోల్లాసమున రాజవినోదములలో చదరంగమును వర్ణించెను. ఏనుగు, శకటు, గుఱ్ఱము, మంత్రి, బంటు అని మనము నేటికిని ఆ సేననే నడపుచున్నాము.

ఈ యాట మన దేశమునుండి పారసీకమునకును, అచ్చటనుండి అరబ్బులకును పోయెను. చతురంగ శబ్దము పారసీకుల నోట చత్రంగ్ అయ్యెను, అరబ్బుల నోట శత్రంజ్ అయ్యెను. బాగ్దాదు నగరమున తొమ్మిదవ శతాబ్దమున అల్ అద్లీ యనువాడును, పదియవ శతాబ్దమున అస్ సూలీ యనువాడును ఖలీఫాల కొలువున నాడి ప్రసిద్ధులై, ఆటమీద గ్రంథములు వ్రాసిరి. వారి కాలమున మన్సూబా యను నొక బోధనోపాయము వృద్ధి పొందెను. ఆట ముగింపునకు వచ్చిన సమయమున పావులు ఎట్లుండునో అట్లు పలకమీద నిలిపి, "ఇచ్చటనుండి తెల్లవాడు గెలువవలెను, ఎట్లు?" అని యడుగుట దాని పద్ధతి. ఇది మన సమస్యాపూరణము వంటిది. కావ్యమంతయు వ్రాయుమని శిష్యుని అడుగక, ఒక పాదమిచ్చి మూడు పాదములు పూరింపుమనుట వంటిది. ముప్పదిరెండు పావులు ఒక్కసారి కన్నులముందు నిలిచిన క్రొత్తవానికి తల తిరుగును. నాలుగైదు పావులైన తలపోయగలడు. చిన్న ద్వారమనగా నిదియే.

పదునైదవ శతాబ్దాంతమున ఐరోపావారు ఆ యాట విధులను మార్చిరి. అంతవఱకు మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదలెడివాడు. అతడు ఎల్ల దిక్కులకు ఎంతదూరమైనను పోవుటకు అప్పుడధికారము వచ్చెను. శకటు నడకయు పెరిగెను. ఆట వేగమయ్యెను, క్రొత్తవానికి అపాయము పెరిగెను. 1749లో ఫిలిదోర్ అను ఫ్రెంచి విద్వాంసుడు లండనునందు ప్రకటించిన గ్రంథమున, ఎత్తులను ఉత్తగా పేర్కొనక, ఏ యెత్తు ఎందుకు అను కారణమును గూడ చెప్పెను. అందఱును అల్పముగా చూచు బంట్ల కూర్పునందే ఆటయొక్క బలాబలములున్నవని అతడు బోధించెను. ఉపాధ్యాయులకు ఇది ముఖ్యమైన మలుపు. సూత్రము చెప్పుట ఒకటి, సూత్రమునకు వృత్తి చెప్పుట మఱియొకటి.

ఇక జర్మను దేశమునకు పోవుదము. 1780లో బ్రన్‌స్విక్ నగరమున హెల్‌విగ్ అను గణితోపాధ్యాయుడు చదరంగమునే పెద్దది చేసి, పదునాఱువందలకు పైగా గళ్ళు కల పలకమీద కొండలను, ఏఱులను, పల్లెలను, ఫిరంగులను నిలిపి యుద్ధక్రీడను కల్పించెను. ప్రష్యా సైన్యమున లెఫ్టినెంటుగా నున్న రైస్‌విట్జ్ 1824లో, తన తండ్రి మొదలిడిన పనిని పూర్తిచేసి, గళ్ళను తీసివేసి, నిజమైన భూమి పటముమీదనే ఆడు విధులను ప్రకటించెను. రెండు పక్షములవారికి నడుమ మధ్యవర్తి యొకడుండును. ఆటగాడు తన యాజ్ఞను చీటిమీద వ్రాసి యిచ్చును. మధ్యవర్తి పట్టికలు చూచి, పాచికలు వేసి, ఎందఱు పడిరి, ఎందఱు మిగిలిరి అని నిర్ణయించును. తన భటులకు కనబడని శత్రువు ఆటగానికిని కనబడడు. ఆ దేశపు సేనాధ్యక్షవర్గమునకు పెద్దయైన మ్యుఫ్లింగ్ దీనిని చూచి, ఇది ఆట కాదు, యుద్ధశిక్షణమని మెచ్చుకొని సైన్యమంతటికిని విధించెను.

కాని కాలక్రమమున విధులు పెరిగెను, పట్టికలు పెరిగెను. క్రొత్త యధికారి ఆటకు రాకముందే లెక్కల యడవిలో చిక్కువడ సాగెను. 1876లో వెర్దీ దు వెర్న్వా అను ప్రష్యా సేనాని యొక సంస్కరణమును సూచించెను. యుద్ధమున తల పండిన పెద్ద యొకడు మధ్యవర్తిగా నుండి, పట్టికలతో పని లేకుండ తన యనుభవమునుబట్టి నిర్ణయింపవలెననియు, నేర్చువానికి విధులేవియు తెలియనక్కఱ లేదనియు, తానేమి చేయదలచెనో చెప్పిన చాలుననియు అతని మతము. ఈ మాటను మీరు మనస్సున నుంచుకొనుడు. విధుల భారమును గురువు మోయును, విచారభారమును శిష్యుడు మోయును. ఇది చిన్న ద్వారమునకు తలుపు తెఱచిన చేయి.

మన దేశీయుని దృష్టాంతము నొకదానిని చెప్పి ముందునకు పోదును. పంజాబు గ్రామీణుడైన మీర్ సుల్తాన్ ఖాను తండ్రివద్ద మన దేశపు చదరంగమును నేర్చెను. ఆ పద్ధతిలో బంటు మొదటి యెత్తున రెండు గళ్ళు పోరాదు. రాజును కోటలోనికి చేర్చు తీరును వేఱు. 1929లో సర్ ఉమర్ హయాత్ ఖాను అను ప్రభువు అతనిని లండనునకు గొనిపోయెను. అచ్చటి విధులు క్రొత్తవి, ఆరంభపు టెత్తుల శాస్త్రము క్రొత్తది. ఐనను ఆ యేడే అతడు బ్రిటిషు చాంపియను పదవిని గెలిచెను. 1932లోను, 1933లోను మఱల గెలిచెను. నడుమ హేస్టింగ్సు పోటీలో లోకైకవీరుడుగా నుండిన కాపబ్లాంకానే ఓడించెను. 1966లో మరణించిన అతనికి 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య గ్రాండుమాస్టరు బిరుదమును గౌరవార్థముగా నిచ్చినది. విధులు మాఱినను విచారము మాఱలేదు. ఒక చిక్కైన విద్యను లోతుగా నెఱిగినవాడు మఱియొక విద్య కడకు పోయినప్పుడు నిజముగా క్రొత్తవాడు కాడు. ఈ మాట నేను మీకొఱకే చెప్పుచున్నాను. ఏల యనునది మీకే తెలియగలదు.

ఇప్పుడు మన మనుమల యాట కడకు వచ్చితిమి. పిల్లలు వీడియో గేములని చెప్పు వానిలో పెక్కు తెగలున్నవి. ఉత్త పరుగులు, కాల్పులు కలవి కొన్ని. వ్యూహక్రీడలు వేఱొక తెగ. వానిలో ప్రసిద్ధమైనది "సివిలిజేషన్", అనగా నాగరికత. 1980లో ఇంగ్లండునందు ఫ్రాన్సిస్ ట్రెషం అనువాడు బల్లమీద పటము పఱచి యాడు ఆట నొకదానిని ఈ పేరుతోనే ప్రకటించెను. 1982లో సిడ్ మయరు, బిల్ స్టీలీ అనువారు అమెరికాలోని మేరీల్యాండు రాష్ట్రమున మైక్రోప్రోస్ అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థలోనే మయరు, బ్రూస్ షెల్లీ యను వాని తోడ్పాటుతో, 1991లో కంప్యూటరు "సివిలిజేషన్" ఆటను వెలువరించెను. మొదటినుండి 2025 ఫిబ్రవరి వఱకు దానికి ఏడు ప్రధానమైన కూర్పులు వచ్చినవి. మంచి ఆట యనగా మనసును పట్టు నిర్ణయముల వరుస యని మయరు అభిప్రాయము.

నేను నేర్చినది 1991 నాటి తొలి కూర్పు. ఆట క్రీస్తునకు పూర్వము 4000వ సంవత్సరమున మొదలగును. తెర యంతయు నల్లగా నుండును. నడుమ కొంత భూమి మాత్రము కనబడును, అందు నివాసము కొఱకు బయలుదేరిన యొక జనసమూహముండును. వారిని ఎచ్చట నిలుపవలెనో మనము చెప్పవలెను. ఏటి యొడ్డుననా, కొండ వారనా, సముద్రతీరముననా? నిలిపినచోట నగరము వెలయును. ఒక్కొక్క పౌరుడు చుట్టునున్న ఒక్కొక్క గడిలో పని చేయును. పచ్చిక నేలలో తిండి పండును, కొండలో గనులు త్రవ్వవచ్చును, నీటివలన వర్తకము కలుగును. తిండి మిగిలి నిలువ చేరినకొలది జనము పెరుగును. కాలువలు త్రవ్విన పంట హెచ్చును, బాటలు వేసిన సేనలు త్వరగా నడచును. జనము పెరిగి సంతోషము లేకున్న అల్లరి పుట్టును, దేవాలయము కట్టిన కొంత శాంతించును. వచ్చిన రాబడిలో ఎంత బొక్కసమునకు, ఎంత విద్యలకు, ఎంత సుఖములకు అని పంచవలెను. విద్యలకును వరుస కలదు. అక్షరములు రానిది వ్రాత రాదు, వ్రాత లేనిది గ్రంథాలయము లేదు. ఎల్ల శత్రువులను జయించుట యొక గెలుపు, నక్షత్రలోకమునకు నౌకను పంపుట మఱియొక గెలుపు.

ఇన్ని సంగతులున్నను క్రొత్తవాడు ఎట్లు ప్రవేశింపగలడు? ప్రష్యా సేనాని కోరిన మధ్యవర్తి యిచ్చట దొరకినాడు. యంత్రమే ఆ మధ్యవర్తి. పట్టిక లన్నియు దాని జ్ఞాపకమున నుండును. మనము "ఇచ్చట కాలువ త్రవ్వుడు" అనిన చాలును, ఎన్ని వంతులు పట్టునో, ఎంత పంట పెరుగునో అది లెక్కించుకొనును. ఆటలోపలనే యొక నిఘంటువు కలదు. ఏ పదము తెలియకున్నను అందు చూచుకొనవచ్చును. ఇంతకంటె నాకు ముచ్చట గొలిపినది అధికారిభేదము. ఆటకు ఐదు మెట్లు పెట్టినారు. మొదటిది పల్లెనాయకుని మెట్టు, తరువాత దండనాథుడు, రాజకుమారుడు, రాజు, తుదకు చక్రవర్తి. మెట్టు పెరిగినకొలది ఆట కఠినమగును. మనము బాలునికి మొదట శబ్దమంజరియు, అమరమును చెప్పి, తరువాత రఘువంశము నెత్తుకొందుము కాని, మొదటనే మహాభాష్యము ముందు పెట్టము. అమెరికాలో ఆట కూర్చినవాడును ఆ మర్యాదనే పాటించినాడు.

నాకు గురువు నా మనుమడు. చేతిలో పుస్తకము పట్టుకొని, విధు లన్నియు చదివినపిదప కూర్చుందునని నేననగా, వాడు "తాతయ్యా, అన్నీ తెలిసిన తరువాత మొదలుపెడదామంటే ఎప్పటికీ మొదలుపెట్టలేము" అనెను. మొదటి దినమున మూడే సంగతులు చెప్పెను. ఊరిని ఎచ్చట నిలుపవలెను, ఆ యూరు ముందుగా దేనిని చేయవలెను, వంతు ఎట్లు ముగింపవలెను. యుద్ధమును, పన్నులను, విద్యలను గూర్చి నోరెత్తలేదు. రెండవ దినమున కాలువలును బాటలును, మూడవ దినమున విద్యల వరుసయు చెప్పెను. నేల చూచి ఊరు నిలుపుటలో మాత్రము వాడు నన్నే అడుగసాగెను. నీరెటు పాఱును, ఏ దిక్కున మెట్ట, ఏ దిక్కున మాగాణి అను సంగతులు పొలముగట్లమీద పెరిగినవానికి ఒకరు చెప్పవలెనా? "నాయనా, ఇచ్చట కొండయు ఏఱును రెండును దగ్గఱనున్నవి, ఊరిచ్చటనే కట్టుము" అనగా వాడు సరే యని కట్టెను. సుల్తాన్ ఖానును గూర్చి నేను పైన చెప్పిన మాటకు అర్థమిదియే. కఱవును, కాలువను, పన్నును, పొరుగూరి తగవును చూచిన పెద్దలు ఈ యాటకు పూర్తిగా క్రొత్తవారు కారు. వారికి తెలియనివి మీటలు మాత్రమే. ఆ మీటలను నేర్పుటకు ఇంటనే గురువున్నాడు.

ఐనను ఆటను చరిత్రమని పిల్లలు పొరబడకుండ మనము కాచుకొనవలెను. ఇందు భారతీయులకు నాయకుడు మహాత్మాగాంధీ, అమెరికావారికి అబ్రహాం లింకను. వీరు క్రీస్తునకు నాలుగువేల యేండ్ల ముందే నగరములు కట్టుచుందురు! ఇది వేడుకయే కాని చరిత్రము కాదు. ఈ యాటను గూర్చి యొక కట్టుకథ లోకమంతట వ్యాపించినది. లెక్కలో జరిగిన తప్పువలన తొలి యాటలో గాంధీ అణ్వస్త్రములు వేయు క్రూరుడయ్యెనని ఆ కథ. అట్టి తప్పు ఎన్నడును లేదని మయరు 2020లో ప్రకటించిన తన స్వీయచరిత్రమున చెప్పినాడు. పదిమంది యనినంతమాత్రమున కథ చరిత్రము కాదని బోధించుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. మఱియొక సంగతి. తెరమీద నల్లగా నున్న నేల యంతయు ఆటగాని రాకకై కాచుకొనియున్నట్లు ఆటలో తోచును. నిజమైన భూమిమీద అట్లు లేదు. పరదేశీయులు క్రొత్తగా కనిపెట్టితి మనుకొన్న ప్రతి తీరమునను అంతకుముందే జనులు ఇండ్లు కట్టుకొని, పేర్లు పెట్టుకొని, దేవతలను కొలుచుచుండిరి. ఈ మాట యంత్రము చెప్పదు. ప్రక్కన కూర్చున్న పెద్దవాడు చెప్పవలెను.

రెండు హెచ్చరికలు చేయకుండ ముగించుట న్యాయము కాదు. మొదటిది కాలము. "ఇంకొక్క వంతు, ఇంకొక్క వంతు" అని రాత్రులు గడచిపోవుట ఈ యాటల స్వభావము. ఆటపై అదుపు తప్పి చదువును, నిద్రను, బంధువులను విడిచి దీర్ఘకాలముండు స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో వ్యాధుల పట్టికలో చేర్చినది. కావున గంటకు హద్దు పెద్దలే పెట్టవలెను. రెండవది ధనము. ఫోనులలో పణమొడ్డి యాడు ఆటలు వ్యూహక్రీడల వేషమున వచ్చుచున్నవి. వానివలన కాపురములు కూలినవి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను ఇట్టి యాటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో దేశమంతటికిని వర్తించునట్లు పార్లమెంటు చట్టము చేసినది. పణమొడ్డి యాడు ఆటలకును తక్కిన యాటలకును గల భేదమును నేటి చట్టమును వేఱుపఱచినది. తాతకు ఈ భేదము తెలియకున్న రెండింటిని ఒక్క మాటతో తిట్టును. అప్పుడు మనుమడు రెండింటిని ఒక్క చాటున దాచును. అపాయమంతయు ఆ చాటుననే యున్నది.

మహాజనులారా! అష్టాపదమునుండి అద్దపు తెర వఱకు పావులు మాఱినవి, పలకలు మాఱినవి. మాఱనిది ఒక్కటి. తెలిసినవాడు తెలియనివాని ప్రక్కన కూర్చుండి, ఒక చిన్న ద్వారము తెఱచి, ఓర్పుతో లోనికి పిలుచుట. ఇన్నాళ్ళు ఆ ద్వారమును మనము పిల్లలకు తెఱచితిమి. నేడు వారు మనకు తెఱవగలరు. అందుకు మనము చేయవలసినది పెద్దపని కాదు, "ఇది నాకు నేర్పుము" అని యడుగుట. నేర్పువాడు తన విద్యను తానే సరిచూచుకొనును. నేర్చువాడు నేర్పువాని మనస్సును ఎఱుగును. ఒకరి మనస్సు నొకరు ఎఱిగిన యింట హద్దులు పెట్టుటకు కేకలతో పని యుండదు.

సెలవు.